వెనుక వచ్చు బండి

కార్వేటినగరమున వేణుగోపాలస్వామివారి బ్రహ్మోత్సవములు జరుగునప్పుడు, రథము కదలు దినమున వీధులలో కాలు మోపుటకు చోటుండదు. లావుపాటి పగ్గములు వీధి పొడుగున పరచియుండును. ఊరివారు, పొరుగు పల్లెల రైతులు, పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, అందరును గోవిందనామము పలుకుచు ఒక్కపెట్టున లాగుదురు. చూపులన్నియు రథముపైనున్న స్వామిమీదనో, చేతిలోని పగ్గముమీదనో యుండును. చక్రముల ప్రక్కన కొయ్యదిమ్మెలు పట్టుకొని నడుము వంచి నడచు నలుగురైదుగురిని చూచువారు తక్కువ. నిజమునకు రథమును నడపువారు వారే.

రథమునకు కళ్లెము లేదు, చుక్కాని లేదు, చక్రములు ప్రక్కకు తిరుగవు. ఒక చక్రము క్రింద దిమ్మెను నొక్కినచో ఆ ప్రక్క వేగము తగ్గి రథము అటు మొగ్గును. రెండు ప్రక్కలను ఒక్కసారిగా పెట్టినచో నిలుచును. వేయిమంది లాగుదురు గాని, మలుపు త్రిప్పువారును, నిలుపువారును ఆ నలుగురే.

నా బాల్యమున మా ఊరి రథోత్సవములో నేనును పగ్గము పట్టితిని. వీధి కొంచెము పల్లమునకు దిగుచోట చేతిలోని పగ్గము ఉన్నట్టుండి వదులయ్యెను. లాగుట సులువైనదని నేను సంతోషించుచుండగా, వెనుకనున్న పెద్దాయన నన్ను జబ్బ పట్టి అరుగుమీదికి ఈడ్చివేసెను. పగ్గము వదులైనదనగా రథము మనవెనుక తనంతట తాను వచ్చుచున్నదని అర్థము. అది అప్పుడు నాకు తెలియదు. దిమ్మెలవారు రెండు మారులు వేసిరి; మొదటిదిమ్మె చిట్లి ఎగిరిపోయెను, రెండవదానికి రథము ఆగెను. ఆ కొయ్య నలిగిన చప్పుడు ఈనాటికిని నాకు జ్ఞాపకమున్నది.

ఈ సంగతి ఇప్పుడు తలచుకొనుటకు ఒక కారణము కలదు. అమెరికాలో కాపురమున్న నా మేనల్లుడు ఈమధ్య పాతదైన ఇంటిమోటారు నొకదానిని కొనెను. ఇంటిమోటారనగా పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు గల పెద్దబండి. దాని నక్కడ మోటారుహోమ్ అందురు. దానివెనుక తన చిన్నకారును, వీలయినచో ఆ కారువెనుక చేపలు పట్టు పడవను కట్టుకొని, భార్యాబిడ్డలతో సెలవులకు పోవలెనని వాని సంకల్పము. టెలిఫోనులో నా యభిప్రాయ మడిగెను. నేను జంకితిని. "ఇంజనుకు బలముండాది గదా మామా, ఇంకేం భయం?" అనెను. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను, చరిత్ర పాఠములు చెప్పి బ్రతికినవాడను. కనుక వానికి చరిత్రనుండియే బదులు చెప్పితిని. ఆ మాటలే కొంత విరివిగా శ్రోతలకు మనవి చేయుచున్నాను.

ఇల్లు కదలి పోవుట మనకు క్రొత్త గాదు. అడవి నరికి కట్టిన ఊరు గనుక కార్వేటినగరమను పేరు వచ్చినదని చెప్పుదురు. వేంకటగిరి, కాళహస్తి సంస్థానములతో సరితూగిన జమీ యిది; ఆంగ్లేయుల కాగితములలో బొమ్మరాజు పాలెమను పేరుతో కనబడును. 1802లో కుంపిణీ ప్రభుత్వము ఈ జమీలకు శాశ్వత పేష్కషు సన్నదుల నిచ్చెను. వేణుగోపాలునిపై పదములు చెప్పిన సారంగపాణి, తానవర్ణములు కూర్చిన గోవిందసామయ్య ఈ ఆస్థానమువారే. ఆ దినములలో ఇచ్చటినుండి తిరుపతికి పోవలెనన్నను, తిరుత్తణికి పోవలెనన్నను సంసారులకు గూడుబండియే గతి. వెదురుబద్దలు వంచి, చాపలు కప్పిన ఆ గూటిలో పిల్లలు పడుకొందురు. బండిక్రింద లాంతరు, నీళ్లకుండ వ్రేలాడుచుండును. సత్రము దొరకనిచోట చింతచెట్టుక్రింద కాడి విప్పి, మూడురాళ్లు పెట్టి వంట చేసికొందురు. పసిబిడ్డ గల ఇల్లాలు పాలకొరకు ఆవును బండివెనుక పలుపుతో కట్టించుకొని పోవుటయు కలదు. నా మేనల్లుడు చేయదలచినదానికి మన తాతలనాటి రూపమిదియే: ముందు ఇల్లు, వెనుక మరియొక ప్రాణి.

అయితే ఆ యావునకు నాలుగు కాళ్లున్నవి. బండి ఆగినచో తానును ఆగును. చక్రములున్న వస్తువునకు ఆ బుద్ధి లేదు. బండివాని కిది బాగుగా తెలియును. మిట్టయెక్కునప్పుడు బరువు కాడిని వెనుకకు గుంజును. పల్లము దిగునప్పుడు అదే బరువు ఎద్దుల మెడలపైబడి ముందుకు త్రోయును. అప్పుడు బండివాడు క్రిందికి దుమికి, నొగలు పట్టుకొని, చక్రమున కడ్డముగా కట్టెను ఒరయబెట్టును. కొండదారులలో పెద్ద మానునొకదానిని బండివెనుక గొలుసుతో కట్టి నేలపై ఈడ్చుకొని దిగు వాడుక అనేక దేశములలో నుండెను. ముందుదానిని నిలుపుటకే వెనుక నొకటి కట్టిరన్నమాట! ఫిరంగులను లాగు పటాలములవారు సయితము, ఎక్కునప్పు డెద్దులను నమ్మిరేగాని, దిగునప్పుడు ఫిరంగివెనుక మోకులు కట్టి మనుష్యులచేత పట్టించిరి.

నీటిమీద ఈ చిక్కు మరియొక రూపము దాల్చును. కార్వేటినగరపు స్కందపుష్కరిణి రాతిమెట్లతో కట్టిన విశాలమైన కోనేరు. దేవుని తెప్పపై నుంచి నీటిలో త్రిప్పు ఉత్సవములను మీరు చూచియేయుందురు. తెప్పకు త్రాడు కట్టి మెట్లమీదనుండి లాగుచోట్ల గమనింపుడు: మొదటి అడుగు కదలించుటకే కష్టము. కదలినపిమ్మట పిల్లవాడైనను లాగగలడు. త్రాడు వదలినను అది పోవుచునే యుండును. నేలకున్న ఒరపిడి నీటికి లేదు. అందుచేతనే తెప్పపై గెడలు పట్టుకొన్నవారు నిలిచియుందురు; మెట్టుకు తగులకుండ ఆపుట వారి పని.

కోనేటినుండి కాలువకు పోదము. కార్వేటినగరమునకు తూర్పున, పులికాటు సరస్సుమీదుగా సముద్రతీరమును అంటిపెట్టుకొని సాగు బకింగుహాము కాలువ ఒకప్పుడు మన దక్షిణాంధ్రమునకు రాజమార్గము. 1801లో బాసిల్ కాక్రేను అను వర్తకుడు మదరాసునుండి ఎన్నూరువైపు దీని మొదటి తునకను త్రవ్వింప నారంభించి 1806లో ముగించెను. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని, క్రమముగా ఉత్తరమునకు దుగరాజపట్టణము, కృష్ణపట్టణముల మీదుగా పెదగంజామువరకు పొడిగించెను. అచ్చట కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణాడెల్టాను, దానిద్వారా గోదావరిడెల్టాను అందుకొనెను. ధాత కరువనబడిన 1876-78 నాటి క్షామములో, ఆకలిగొన్న జనమునకు కూలి కల్పించుటకై మదరాసు నగరములో కూవము, అడయారు నదుల నడుమ తునకను త్రవ్వించిరి. నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు కాలువకు నిలిచెను. త్రవ్వినవారి పేర్లు ఎచ్చటను లేవు.

ఈ కాలువలో ఉప్పు, వంటచెరకు, ధాన్యము, సున్నపుగుల్ల మోసిన పడవలు వేనవేలు. గాలి అనుకూలించినచో తెరచాప; లేనిచో గట్టుమీద మనుష్యులు. భుజమునకు అడ్డముగా గుడ్డపట్టీ వేసికొని, త్రాడు తగిలించుకొని, ముందుకు వంగి ఇద్దరు ముగ్గురు పడవవారు గట్టువెంట నడతురు. చూచువారికి అది వట్టి బలప్రదర్శనముగా తోచును. అందలి నేర్పు త్రాడు కట్టుచోట నున్నది. త్రాడును పడవ ముక్కునకే కట్టినచో, అడుగడుగునకు ముక్కు గట్టువైపు తిరిగి బురదలో దిగబడును. అందుచేత కొంచెము వెనుకగానున్న తెరచాప కొయ్యకు, అదియు ఎత్తున కట్టుదురు. అప్పుడు త్రాడు గట్టుమీది తుప్పలకు తగులదు, చుక్కానికిని తన మాట చెల్లును. పడవలో ఒక్కడైనను చుక్కాని పట్టి పడవ ముఖమును గట్టునుండి ఆవలికి త్రిప్పుచుండవలెను. లాగబడు వస్తువు ఊరక వచ్చునని తలచరాదు. దానిని నడపువా డొకడు దానియందే యుండవలెను. లాకుల దగ్గర పడవను నిలుపుటకు చాల ముందే త్రాడు వదలి గెడలు దింపుదురు. తలుపులను గ్రుద్దిన పడవ తానును పగులును, లాకును పగులగొట్టును.

గోదావరి, కృష్ణా కాలువలపై ఆ దినములలో ఇంజనీర్లు, కలెక్టర్లు తనిఖీకి పోవుటకు ఇంటిపడవలు కూడ నుండెను. పడకగది, కచ్చేరీగది, వెనుక వంటచోటు. దొర లోపల కాగితములు చూచుచుండగా కూలీలు గట్టుమీద త్రాడు లాగుచుందురు. నా మేనల్లుని ఇంటిమోటారునకు ఇంతకంటె దగ్గర చుట్టము మన దేశములో లేదు. కాలువలు రైలునకు, తరువాత లారీకి ఓడిపోయెను; 1965, 1966, 1976 సంవత్సరముల తుపానులకు బకింగుహాము కాలువగట్లు బాగుగా దెబ్బతినెను. త్రాడు లాగువాని విద్య వానితోనే పోయెను.

రైలు సంగతి క్లుప్తముగా చెప్పెదను. మన పుత్తూరు, రేణిగుంటల మీదుగా పోవు మార్గము 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గముతో కలిసెను. ఒక ఇంజను ఇరువది ముప్పది పెట్టెలను లాగుట మొదటినుండియు సాధ్యమే. వాటిని ఆపుటయే కష్టము. తొలుత ఇంజనుకును, అక్కడక్కడ కొన్ని పెట్టెలకును మాత్రమే బ్రేకు లుండెను. ఈల విని గార్డు చేతితో త్రిప్పవలసియుండెను. ప్రతి పెట్టెకును తన బ్రేకు తనకుండి, గొట్టము తెగినచో దానంతట నదే పట్టుకొను ఏర్పాటు వచ్చువరకు రైళ్లు వేగముగా పోవుటకు భయపడెను. పెట్టె విడిపోయినచో పారిపోకుండ నిలిచిపోవలెను అను నీ సూత్రమును మరల చెప్పవలసివచ్చును.

ఇక మోటారు. విహారమునకై చక్రములపై ఇల్లు కట్టించుకొన్నవారిలో ఆంగ్లనౌకాదళమున వైద్యుడుగా నుండిన గోర్డను స్టేబుల్సు ప్రసిద్ధుడు. 1885లో ఆయన తన "వాండరర్" అను గుఱ్ఱపు ఇంటిబండిలో ఇంగ్లండునుండి ఉత్తర స్కాట్లండువరకు పోయెను. రెండు గుఱ్ఱములు లాగిన ఆ బండిలో పుస్తకములు, వాద్యములు కూడ నుండెను. ఆయన సేవకుడు మూడుచక్రముల సైకిలుపై ముందు పోవుచు, దారిలో పల్లము లెక్కడ, మలుపు లెక్కడ యని తెలిసికొని హెచ్చరించుచుండెను. బండి యజమానుల కందరకు అట్టి సేవకుడు దొరికినచో ఎంత బాగుండును! 1910లో అమెరికాలో పియర్స్ యారో కంపెనీ ఇంటి సదుపాయములు గల మోటారును ప్రదర్శనలో పెట్టెను. అటుపిమ్మట అచ్చట ఇదియొక జీవనవిధానమే అయ్యెను.

తెలుగునేలలో పాత ఇంటిమోటారు అనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చునది చైతన్యరథము. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే బండి నొకదానిని మార్పించి, అందే విశ్రాంతి తీసికొనుచు, దానిపై నిలిచి ప్రసంగించుచు రాష్ట్రమంతట తిరిగిరి. కుమారుడు హరికృష్ణగారు సారథి. 1983 జనవరి ఎన్నికలలో ఆయన గుడివాడతోబాటు తిరుపతినుండియు గెలుపొందిరి. రాజకీయము నా విషయము గాదు. ఆ బండికి రథమని పేరు పెట్టుట, జనులు వెంటనే దాని నంగీకరించుట, ఇందు నాకు ఆసక్తి. రథమనగా చక్రములపైనున్న ఇల్లని మనవారికి ఎవరును బోధింపవలసిన పని లేదు. ఆంగ్లేయు లయితే పూరీ జగన్నాథుని రథము మాట విని బెదరి, ఆపరాని మహావస్తువునకు "జగ్గర్‌నాట్" అని పేరు పెట్టుకొనిరి. వారి దేశమున భారీలారీలకును ఆ పేరే వచ్చెను. రథము ఆగదని వారికి తోచెను. చక్రము ప్రక్కన దిమ్మె పట్టుకొన్నవాని సంగతి వారికెవరును చెప్పలేదు కాబోలు.

మేనల్లునితో నేను చెప్పినది ఈ వరుసలోనిదే. తయారుచేసిన కంపెనీవారు బండి తన బరువెంత మోయగలదో, వెనుకదానితో కలిపి మొత్తమెంత లాగగలదో వేరువేరుగా నిర్ణయించి యిత్తురు. ఆ అంకెలు బండి క్రొత్తగా నున్ననాటివి. ఇల్లు పాతబడినకొద్ది అందులో సామాను పెరుగును, బ్రేకులు ముసలివగును. బ్రేకుగొట్టములలోని నూనె ఏండ్లు గడచినకొద్ది గాలిలోని తేమను పీల్చుకొని, దీర్ఘమైన పల్లములో వేడెక్కి మరగిపోవును. అప్పుడు కాలు క్రిందికి పోవునేగాని బండి ఆగదు. టైర్లు తిరుగకున్నను వయస్సుచేత పగులును. పెద్ద ఇంటిమోటార్లలో వెనుకచక్రముల కావల చాలదూరము ఇల్లు పొడుచుకొని యుండును. ఆ భాగమును చట్రమునకు అతికియుందురు. కొక్కెమును దానికే బిగింతురు. అతుకు తుప్పుపట్టినచో కొక్కెము ఎంత గట్టిదైనను లాభములేదు. కడసీల ఊడిన బండికి ఎద్దులు మంచివైన నేమి?

కనుక మొదట తూచుమంటిని. నీళ్లు, సామాను, భార్యాబిడ్డలు సహా ఇంటిమోటారును తూకపుచోటికి తీసికొనిపోయి తూపించి, పిమ్మట కారును, పడవను తూపించి కూడుకొమ్మంటిని. వెనుకదానికి తన బ్రేకు తనకుండవలెను. పడవలు మోయు ట్రైలర్లకు ఇందులో ఒక చక్కని ఉపాయము కలదు. ముందుబండి వేగము తగ్గగానే వెనుకది దానిని త్రోయును గదా. ఆ త్రోపునే కొక్కెములోని ముషలము గ్రహించి వెనుకచక్రముల బ్రేకులను నొక్కును. పల్లమున ఎద్దుమెడపై పడు బరువే ఎద్దునకు సహాయముగా మారినట్లు! పడవ దింపునప్పుడు చక్రములు నీట మునుగును గనుక విద్యుత్తుతో పనిచేయు బ్రేకులకంటె ఇవి మేలు. ట్రైలరు విడిపోయినచో దానంతట నది నిలుచు ఏర్పాటును, కొక్కెముక్రింద అడ్డముగా దాటించి కట్టు రెండు గొలుసులును తప్పనిసరి. గొలుసులు అట్లు దాటించినచో కొక్కెము ఊడినను ట్రైలరు మొగము నేలకు గ్రుచ్చుకొనక వాటిపై నిలుచును.

బరువును సర్దుటయు ముఖ్యము. ట్రైలరు మొత్తము బరువులో సాధారణముగా నూటికి 10 నుండి 15 పాళ్లు కొక్కెముపై పడవలెనందురు. పడవకు ఇంజను తోకనుండును. చమురుతొట్టియు తరచు అచ్చటనే. తోక బరువెక్కినచో ట్రైలరు పామువలె అటునిటు ఊగును. కొంతసేపటికి ముందుబండినే ఊపివేయును. త్రాడును పడవ ముక్కునకు గాక కొయ్యకు కట్టిన కాలువవారు ఈ మాట వినియుండినచో తల యూపియుందురు.

కారును నాలుగుచక్రములు నేలపై నుంచి లాగుట ఇంకొక చిక్కు. కొన్ని కార్లలో ఇంజను తిరిగిననే గాని గేరుపెట్టెలో నూనె ఆడదు. అట్టివానిని వందమైళ్లు లాగినచో ఊరు చేరునప్పటికి గేరుపెట్టె కాలిపోయియుండును. అట్లు కట్టిన కారుతో వెనుకకు పోవుటయు దాదాపు అసాధ్యము. తప్పుసందులో దూరినచో విప్పుకొనవలసినదే. ఇక కారువెనుక పడవయు కట్టుటకు అమెరికాలో కొన్ని రాష్ట్రములు అనుమతించును, కొన్ని నిషేధించును. రాష్ట్రము సరిహద్దు దాటగానే నేరమగు పనిని పిల్లలు చూచుచుండగా చేయుట ఎందుకని యడిగితిని.

చక్రపు కందెన మాట చెప్పినప్పుడు వాడు నవ్వెను. బండి కందెన మనకు తెలియనిదా? అయినను పడవ ట్రైలరునకు అదియే ప్రాణము. చాలదూరము పరుగెత్తి వేడెక్కిన చక్రపుబొడ్డును చన్నీటిలో ముంచగానే లోపలిగాలి ముడుచుకొని నీటిని లోనికి పీల్చును. కందెన చెడును, గుండ్లు తుప్పుపట్టును; తరువాతి ప్రయాణములో నడిదారిని చక్రము పట్టివేయును. ముంచుటకు ముందు కొంతసేపు చల్లారనిచ్చుట, ఏటేట కందెన మార్చుట, ఇవి ఎద్దులబండివాని పనులే.

మనదేశమున ఇట్టి విహారపుబండ్లు తక్కువ. కాని చిత్తూరు సీమ రోడ్లమీద చెరకు వేసికొని పోవు ట్రాక్టరు ట్రైలరును చూడని దినముండదు. చాలవాటికి ట్రైలరున పనిచేయు బ్రేకు లేదు. బరువంతయు పల్లమున ట్రాక్టరుపై పడును. 1989 నాటి రోడ్డు నిబంధనలు చెడిపోయిన బండిని లాగునప్పుడు రెంటినడుమ దూరము 5 మీటర్లు మించరాదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు మించరాదనియు విధించెను. అంత నెమ్మదిగానా యని మనవారు విసుగుకొందురు. రథము నడక చూచినవారు విసుగుకొనరాదు. ఆ రథములకును నేడు మార్పు వచ్చినది: తిరుచ్చిలోని భారత హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమువారు తమిళనాట అనేక రథములకు ఉక్కు ఇరుసులు, ఉక్కుచక్రములు, వాటితోబాటు హైడ్రాలిక్ బ్రేకులును అమర్చిరి. అయినను కొయ్యదిమ్మెలవారు ప్రక్కన నడచుట మానలేదు.

నెల గడచినపిమ్మట మేనల్లుడు మరల పిలిచెను. తూపించగా లెక్క మించినదట. ఈయేడు కారు ఇంటిదగ్గర విడిచి, బ్రేకులుగల ట్రైలరుపై పడవను మాత్రము కట్టుకొని పోవుదురట. వెనుక అతుకును విప్పించి క్రొత్తగా వేయించినాడట. పిల్లలు కుశలమని చెప్పి, పెట్టివేయబోవుచు, "రెండు కొయ్యదిమ్మెలు గూడా చేయించినా మామా, చక్రం కింద పెట్టేదానికి" అనెను. ఏ కొయ్య యని నే నడిగితిని.